మా బావ వీపు వెనక ఏనుగులు

అనకాపల్లిలో ముప్పై ఏళ్ళుగా పెళ్ళిళ్ళ ఫొటోలు తీస్తున్నాను. నా పనికి వంక పెట్టినవాడు ఒక్కడే, మా అక్క మొగుడు. చీడికాడ దగ్గర చెరకు పండించి బెల్లం వండుతాడు. తన కూతురి పెళ్ళి ఆల్బం ఒళ్ళో పెట్టుకుని, బంధువులందరి ముందూ అన్నాడు:

"మా బామ్మర్దికి కదలకండి అంటే కదలనోళ్ళ ఫొటోలే వత్తాయి."

అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

అందుకే, పార్వతీపురం వైపు ఏనుగులు దిగాయని తెలిసినప్పుడు, తీసుకెళ్ళమని బావనే అడిగాను. వాటిని కనిపెట్టి తిరిగే ట్రాకర్ ఆయనకి చుట్టం. అతను వెంట లేకపోతే అటు ఎవరినీ పోనివ్వరు.

కార్తీకమాసం. ఏటి ఒడ్డున కనుచూపు మేరా రెల్లు పూసి ఉంది. పొద్దు కొండ వెనక్కి జారాక ఆ పూత మీద పల్చటి బంగారు వెలుగు మిగిలింది. అందులోంచి ముందు ఒక వీపు లేచింది. తర్వాత ఇంకో మూడు. పెద్ద ఏనుగు పొట్ట కింద పిల్ల ఉంది. దాని తొండం మాత్రం గడ్డి పైకి వచ్చి, గాలిని తడిమి మళ్ళీ మునిగేది.

కదలకండి అనడానికి అక్కడ నాకు నోరు లేదు. తల్లి ఇంకో నాలుగడుగులు వేస్తే పిల్ల బయటపడుతుంది. కెమెరా కంటికి ఆనించి ఎదురుచూశాను. మూడడుగులు వేసింది.

అప్పుడు బావ నా ముందుకు నడిచాడు. తువ్వాలులోంచి బెల్లం దిమ్మ తీసి, ఆకు మీద పెట్టి వంగాడు.

"బావా, అడ్డం లే!"

"వినాయకుడి కాడికి ఉత్త సేతుల్తో వత్తారేటి? దణ్ణమెట్టుకోనీ."

తల్లి తొండమెత్తింది. వాసన పట్టి, మా వైపు తిరిగింది. ట్రాకర్ బావ తువ్వాలు పట్టుకుని లాగాడు.

"మామా, దేవుడైతే ఆగుతాడు గానీ ఆకలి ఆగదు! ఎనక్కి పదండి!"

రోడ్డెక్కి తిరిగి చూస్తే రెల్లు ఊగుతోంది, అంతే.

నాకు దక్కింది ఒక్క ఫొటో. నిండా బావ వీపు. దాని పక్కన, వెలుగులో తడిసిన పిల్ల ఏనుగు చెవి కొంచెం. ఆ ఫొటోని బావ పెద్దది చేయించి పూజగదిలో పెట్టుకున్నాడు. చెవికి బొట్టు కూడా పెట్టాడు.

రెండేళ్ళుగా ఆయనతో మాట్లాడలేదు. చెరకు వెన్ను తీసే రోజుల్లో, సాయంత్రం బండి మీద దేవరాపల్లి నుంచి వస్తూ తోటల దగ్గర ఆగిపోతుంటాను. తెల్లటి పూత మీద అదే వెలుగు పడుతుంది. దాని వెనక నుంచి ఏదీ లేవదని తెలుసు. అయినా చీకటి పడేదాకా నిలబడతాను.

మొన్న అక్క ఫోన్ చేసింది. ఏనుగులు మళ్ళీ దిగాయట. పిల్ల తల్లి పొట్ట కింద పట్టనంత ఎదిగిందట. "మీ బావ రమ్మంటన్నాడు" అంది.

"బెల్లం తెచ్చుకోమను. నేను ఫొటో తీశాకే పెట్టాలి" అన్నాను.

వెనకనుంచి ఆయన గొంతు వినబడింది: "ముందు దేవుడు, తరవాతే ఫొటో. వత్తాడో రాడో అడుగు."

ఫోన్ పెట్టేశాను. నాలుగు రోజులైంది. తప్పు ఆయనదే కాబట్టి మళ్ళీ ఆయనే చెయ్యాలి. బేటరీలు మాత్రం రోజూ చార్జింగు పెడుతున్నాను.