సాంచాల మీద నుంచి దింపిన గోలి

ఫిట్స్ ఒక్కసారి కూడా రాని మనిషిని ఫిట్స్ మనిషి అని చెప్పి సాంచాల మీద నుంచి దింపేశారు. అది అన్యాయమని అప్పుడే అన్నాను, ఇప్పటికీ అంటాను.

సిరిసిల్ల జిల్లా అయిన మరుసటి ఏడు కోరుట్ల నుంచి నన్ను అక్కడి ఒక ఆసుపత్రి మానసిక విభాగానికి హెడ్ నర్సుగా వేశారు. మానసిక రోగుల సంరక్షణ నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. మందుల డబ్బాల్లో మడతపెట్టి ఉండే కాగితాలు కూడబలుక్కుని చదివాను, తెలియనిది డాక్టరును అడిగాను.

సాంచ అంటే మరమగ్గం. సాంచాల యజమానిని ఆసామి అంటారు. కనకయ్య ఒక ఆసామి షెడ్డులో నాలుగు సాంచాలు నడిపేవాడు. ఆయనది మనసు కొన్నాళ్లు పట్టపగ్గాల్లేకుండా ఎగిరి, కొన్నాళ్లు లేవలేనంతగా కుంగే జబ్బు. బైపోలార్ అంటారు. డాక్టరు వాల్‌ప్రోయేట్ రాశారు. అది మూర్ఛ మందే, కానీ మనసు ఎగుడుదిగుళ్లనూ నిలుపుతుంది. కాలేయం పరీక్షకు రక్తం పంపడం, చేతుల వణుకు, మత్తు గమనించి డాక్టరుకు చెప్పడం మా పని.

మందుల దుకాణంలో దాన్ని ఫిట్స్ గోలి అన్నారు. ఆయన భార్య లక్ష్మి ఆ మాటను గట్టిగా పట్టుకుంది. వాడకట్టులో పిచ్చి అనిపించుకోవడం కంటే ఫిట్స్ అనిపించుకోవడం నయం కదా. ఆ మాట షెడ్డుకు చేరింది. తిరిగే బెల్టుల పక్కన ఫిట్స్ మనిషిని నిలబెట్టలేనని ఆసామి రావద్దన్నాడు.

నేను వెళ్లి ఫిట్స్ లేవని చెప్పాను. “లేకుంటే గా గోలెందుకు సార్?” అన్నాడాయన. జవాబు నా నోట్లోనే ఉంది. రోగి ఒప్పుకోకుండా జబ్బు పేరు బయటపెట్టకూడదన్నది మా వృత్తి నియమం. నోరు మూసుకుని వచ్చాను.

కనకయ్య పగలంతా ఇంటి ముందు గద్దె మీద, అరుగు మీద కూర్చునేవాడు. గల్లీ చివర షెడ్డు మోత వినపడేది. మధ్యలో ఒక సాంచ ఆగితే పోగు తెగిందని గొణుగుతూ, లేని దారానికి వేళ్లతో ముడి వేసేవాడట. మోత ఆగేదాకా అన్నం ముట్టడని లక్ష్మి చెప్పింది.

చివరకు, గోలి లేకుండా నిలబడి చూపిస్తే ఆసామి నమ్ముతాడని, ఎవరికీ చెప్పకుండా మందు మానేశాడు. కంటికి నిద్ర లేకుండా పోయింది. వంద సాంచాలు పెడతానని పాడుకుంటూ ఊరు దాటి ఎల్లారెడ్డిపేట దాకా నడిచి వెళ్లాడు. వార్డులో చేర్చి మందు మళ్లీ మొదలుపెట్టాం. మనసు కుదుటపడ్డాక నన్ను దగ్గరకు పిలిచాడు.

“చెప్పుండ్రి సార్. పిచ్చే అని చెప్పుండ్రి. పిచ్చోనికన్న సాంచ ఇస్తడా అడుగుండ్రి.”

లక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, వద్దనలేదు. వణుకు, మత్తు లేవు, పని చేయవచ్చని డాక్టరు తేల్చాక నేనూ కనకయ్యా షెడ్డుకు వెళ్లాం. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆసామి విని సాంచాల మధ్యకు వెళ్లిపోయాడు. ఔననలేదు, కాదనలేదు. కోపం దిగమింగుకుని తిరిగొచ్చాను.

ఇప్పుడు రిటైరై జగిత్యాలలో ఉంటున్నాను. మా గల్లీ నిశ్శబ్దంగా ఉంటుంది. ఒకప్పుడు తలనొప్పి తెప్పించిన ఆ సాంచాల మోత కోసం చెవులు వెతుక్కుంటాయి. మళ్లీ ఒక్క రోజు డ్యూటీ వేస్తే బస్సెక్కి పోతాను.

నేర్చుకున్నది ఒకటుంది. గోలి చేతిలో పెడితే నర్సు పని అయిపోదు. అది దేనికో, అడిగినవాళ్లకు ఏం చెప్పాలో ఇంటివాళ్లతో మాట్లాడి పంపాలి. ఆ తర్వాత నేను ఎవరినీ ఊరికే పంపలేదు.

మేం షెడ్డుకు వెళ్లొచ్చిన కొన్నాళ్లకు, నేనింకా డ్యూటీలో ఉండగానే, ఆసామి తానే ఆసుపత్రికి వచ్చి, మందుల కిటికీ దగ్గర నన్ను పక్కకు పిలిచి చెప్పాడు.

“గోలి మానొద్దని చెప్పుండ్రి సార్. ముందుగాల రెండు సాంచాలు ఇస్త, మంచిగ నడిపితే నాలుగూ ఆయనయే. గని షెడ్డుల పిచ్చి ముచ్చట తియ్యకుండ్రి. ఎవలన్న అడిగితే ఫిట్సే అని చెప్త. పక్కన నేనుంట.”