కలుంబోయన్ మాత బరువెక్కిన పండగ

తెక్లా పుట్టింది ఇంట్లో కాదు, చేపలు ఎండబెట్టే వెదురు తడికల మధ్య. నొప్పులు మొదలైనా మబ్బు పడుతోందని వాళ్ళమ్మ తడికలు ఎత్తుతూనే ఉందట. ఆఖరి తడిక పాకలోకి చేరేలోపు పిల్ల భూమ్మీద పడింది. ఊరందరికీ తెలిసిన ఈ కథను అందరికంటే ఎక్కువసార్లు చెప్పేది తెక్లానే. "అందుకే నాకు ఉప్పు కాస్త ఎక్కువ" అని చివర్న కలుపుతుంది.

ఆ మాట అబద్ధమేం కాదు. పెద్ద మరబోట్లు చిన్న జాలర్ల వలలు చింపుకుంటూ ఒడ్డు దాకా వచ్చిన ఏడాది, ఆడవాళ్ళను పడవలెక్కించి, గిన్నెల మూతలు మోగించుకుంటూ వాటికి ఎదురుపోయిన మనిషి ఆమె. పోలీసులు స్టేషన్లో కూర్చోబెడితే, సాయంత్రానికల్లా అక్కడున్న వాళ్ళందరితో ఎండుచేపల బేరం కుదుర్చుకుని ఇంటికొచ్చింది. భర్త అంబో తుఫానులో వల వేసిన మనిషే గానీ, ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడితే మాత్రం చుట్ట ఆర్పేసి బుద్ధిగా కూర్చుంటాడు.

కలుంబోయన్ తీరంలో పగడపు రాళ్ళతో కట్టిన పాత బురుజు ఉంది, దాని వెనక అవే రాళ్ళతో కట్టిన చర్చి ఉంది. కట్టించింది ఫలానా స్పెయిన్ ఫాదర్ అని గోడమీది పలక చెబుతుంది. రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు ఆ పలక మీద లేవు. పోటు తగ్గిన వేళల్లో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి వాటిని పెకలించి, కూలీ నాలీ లేకుండా వీపుల మీద మోసింది తెక్లా ముత్తాతల జనం. మనుషుల్ని ఎత్తుకుపోయే దోపిడీ పడవలు కనిపిస్తే బురుజెక్కి శంఖం ఊదిందీ వాళ్ళే.

ఆ చర్చిలోని మాత విగ్రహం దొరికింది కూడా వాళ్ళ వలలోనే. నల్లటి చేవ కట్టెతో చేసిన విగ్రహం. స్పెయిన్ దొరలు మనీలా పట్నానికి తీసుకుపోదామని ఓడెక్కించబోతే బరువెక్కి కూర్చుందట. ఎంతమంది పట్టినా లేవలేదట. తీరం వైపు తిప్పగానే దూదిలా తేలికైందట. అప్పటినుంచీ ప్రతి పండక్కీ జాలర్ల భుజాల మీద, చర్చి నుంచి ఆ వల పడిన ఇసుక దాకా ఊరేగుతుంది. ఒక్కటే కట్టడి. దారిలో పల్లకి దించకూడదు. దించితే మళ్ళీ లేవడం మానడం ఆమె ఇష్టం.

ఆ ఇసుకలోనే తెక్లా తడికలుండేవి. ఉండేవి అనాల్సి వచ్చింది, ఎందుకంటే వానలు వెళ్ళగానే అక్కడ రిసార్టు వాళ్ళు ఇనుప కంచె వేశారు. కొబ్బరితోటకు పట్టా చూపించి, ఆ తోట ముందున్న తీరం కూడా తమదేనన్నారు. పాకలు పీకేసి తడికలు రోడ్డు పక్కన పడేశారు. ఆడవాళ్ళు ఇళ్ళ ముందు, చూరుల మీద చేపలు పరిచారు. నీడకీ దుమ్ముకీ సగం చేప పురుగు పట్టిపోయింది. వచ్చే వానాకాలం దాకా ఇలాగే గడిస్తే ఆ పని చేసే ఆడవాళ్ళంతా పట్నంలో ఇళ్ళు ఊడ్వడానికి పోవాల్సిందే. ఈ సంగతి తెక్లాకు తెలుసు. అర్జీలు పట్టుకుని మునిసిపల్ ఆఫీసు చుట్టూ తిరగడం అయింది. మిగిలింది పండగే.

పండగకు ముందు మేయరు బెన్‌హూర్ దెలారా స్వయంగా ఆమె ఇంటికొచ్చాడు. ఆమె కొడుకు బాప్తిస్మానికి జ్ఞానతండ్రిగా నిలబడినవాడు అతను. ఆ వరసన ఆమె అతన్ని పారే అంటుంది, అతను మారే అంటాడు. ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి కాబట్టి ఆ పిలుపులో తేనె కాస్త ఎక్కువే ఉంది.

"మారే, ఈసారి ఊరేగింపు రోడ్డు మీంచి పోయి మళ్ళీ చర్చికే వస్తుంది. తీరంలో పనులు జరుగుతున్నాయి కదా."

"ఎవరి పనులు పారే? మావి ఆపేశారుగా."

"పండగ పూట గొడవొద్దు. అట్టలు, నినాదాలు ఏవీ పట్టుకురాకండి. మాట ఇవ్వు."

తెక్లా అతని చేతిలో కొబ్బరి కల్లు గ్లాసు పెట్టింది. "అట్ట ముక్క కూడా కనపడదు. పువ్వులు తెచ్చుకోవచ్చా?"

"పువ్వులకేం, ఎన్నైనా తెచ్చుకోండి."

అతను వెళ్ళాక అంబో భార్య మొహంలోకి అనుమానంగా చూశాడు. "నీకు పువ్వుల మీద ఇంత ప్రేమ ఎప్పట్నుంచే?"

"నువ్వెప్పుడైనా తెచ్చిస్తే కదా తెలియడానికి."

పండగ నాడు కలుంబోయన్‌లో తలుపు మూసిన ఇల్లుండదు. ముక్కూ మొహం తెలియనివాడైనా సరే, గడప దాటితే ఆకులో చుట్టిన బంకన్నం, కాల్చిన పంది మాంసం, నిమ్మరసంలో నానిన పచ్చి చేప చేతిలో పెట్టి కూర్చోబెడతారు. మధ్యాహ్నం ఎండ వాలేసరికి ఊరంతా కడుపు నింపుకుని చర్చి ముందు చేరింది. బ్యాండు మొదలైంది. అంబో ముందు కొయ్య పట్టాడు. మాత నీలం పట్టు అంగీలో, జాలర్ల భుజాల మీద అలలా ఊగుతూ బయల్దేరింది.

వెనకాల ఆడవాళ్ళు. ఒక్కొక్కరి నెత్తిమీద ఒక ఖాళీ వెదురు తడిక. తడిక నిండా రంగుకాగితం పువ్వులు. మేయరు వెనక్కి తిరిగి చూసి నోరు తెరిచాడు, మళ్ళీ మూసుకున్నాడు. అట్ట ముక్క ఒక్కటి కూడా లేదు మరి.

ఊరేగింపు రోడ్డెక్కి రిసార్టు గేటు దగ్గరికొచ్చింది. పండగకు దారి పొడుగునా దీపాల తోరణం కట్టించింది రిసార్టే. అందుకు మేనేజరు రామిల్‌తో ఒక ఫొటో దిగాలని మేయరుకు బుద్ధి పుట్టింది. మేయరు చిన్నప్పటినుంచీ పట్నంలో చదువుకున్నవాడు, పల్లకి కొయ్య భుజానికి ఎత్తుకున్న మనిషి కాదు.

"ఒక్క నిమిషం దించండయ్యా. మాత ముందు ఫొటో తీసుకుందాం."

మోస్తున్నవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అంబో తల తిప్పి తెక్లాను చూశాడు. ఆమె తడిక కింద నుంచి కనుబొమ్మలు రెండూ పైకెత్తి దించింది. ఆ ఊళ్ళో దానికి అవునని అర్థం.

దించారు.

ఫొటో అయింది. "ఇక పదండి" అన్నాడు మేయరు. అంబో, మిగతావాళ్ళు వంగి భుజాలు ఆనించారు, మూలిగారు, మెడ నరాలు తేల్చారు. పల్లకి కదల్లేదు.

"బరువెక్కింది" అన్నాడు అంబో చెమట తుడుచుకుంటూ.

ఆ మాట గాలి కంటే ముందు ఊరేగింపు తోక దాకా పాకింది. ముసలమ్మలు మోకాళ్ళ మీద కూర్చున్నారు. బ్యాండువాళ్ళు ఆపాలో వద్దో తెలియక ఒకటే పాట మళ్ళీ మళ్ళీ వాయించారు.

"అంబో, వేషాలొద్దు" మేయరు పళ్ళ మధ్య నుంచి అన్నాడు.

"నాదేముంది మేయరుగారూ. మీరూ ఒక చెయ్యి వెయ్యండి."

ఊరంతా చూస్తోంది. మేయరు చొక్కా చేతులు మడిచి కౌన్సిలర్లను పిలిచాడు. రామిల్ కూడా వచ్చాడు. అంబో మనుషులు చోటిచ్చి పక్కకు జరిగారు. పొద్దున్నుంచీ పంది మాంసం తిన్న కౌన్సిలర్లు వంగలేక వంగారు. ఒకడి ప్యాంటు వెనక చిరిగింది. ఎప్పుడూ మోసేవాళ్ళలో సగం మంది కూడా లేరు వాళ్ళు. పల్లకి ఎలా లేస్తుంది?

మేయరు ఫాదర్ వైపు తిరిగాడు. కొత్తగా వచ్చిన ఫాదర్ నవ్వు బయటపడకుండా జపమాల నోటికి అడ్డం పెట్టుకుని, "మా చదువులో ఇది చెప్పలేదండీ. ఊరివాళ్ళనే అడగండి" అన్నాడు.

అప్పుడు తెక్లా ముందుకొచ్చింది. గొంతు పెంచలేదు.

"పారే, ఇవాళ ఊరంతా తలుపులు తీసుంది. ఒక్క ఇల్లే మూసుంది. ఆ ఇంట్లోనే ఆమె దిగిన ఇసుకుంది. మనింటి ముందే తలుపు మూసి నిలబెడితే మనమైనా అలగమూ?"

మేయరు ఆమెను చూశాడు. మోకాళ్ళ మీదున్న జనాన్ని చూశాడు. వాళ్ళంతా ఓట్లున్న జనం. అతను తెలివి తక్కువవాడేం కాదు.

"గేటు తియ్యండి" అన్నాడు.

రామిల్ తీయించాడు. అంబో చేత్తో కొలిచి తల అడ్డంగా ఊపాడు. "పల్లకి పట్టదు. తలుపు ఊడదీయాలి. అటూ ఇటూ కంచె కూడా కొంచెం."

"కొంచెం అంటే?" అడిగాడు రామిల్.

"ఆమె ఊగుతూ నడుస్తుంది కదా బాబూ. ఊగడానికి చోటుండాలి."

ఊరేగింపుకు వచ్చిన వడ్రంగులు, కమ్మరులు, పనిలేని మగాళ్ళు అందరూ తలో చెయ్యి వేశారు. తలుపు కిందికొచ్చింది. దానితో పాటు సముద్రం దాకా కంచె కూడా. అంబో మనుషులు భుజం ఆనించారో లేదో, పల్లకి లేచింది. జనం గొల్లున నవ్వారు, ఏడ్చారు, బ్యాండు ఎట్టకేలకు పాట మార్చింది. మాత వల పడిన ఇసుకకు చేరింది. వెనకే ఆడవాళ్ళు చేరి, నెత్తిమీది తడికలు దించి, పువ్వులు అలల్లో వదిలి, పాత గుంతల్లోనే ఊడిన కంచె గుంజలు పాతి తడికలు ఎక్కించారు. మోసుకొచ్చినవి మళ్ళీ మోసుకుపోవడం ఎందుకన్నట్టు అక్కడే ఉంచేసి వచ్చారు.

తెల్లవారి ఎండ ఎక్కేసరికి తీరం పొడుగునా చేపలు వెండిలా మెరిశాయి. మేయరు వాటి జోలికి పోలేదు. మాత దారి మూయించిన మేయరన్న పేరు ఎన్నికల ముందు ఎవరికి కావాలి? పైగా ఆడవాళ్ళు ఊరుకోలేదు. అల తాకే ఇసుక అందరిదీ అన్న తీర్మానం రాయించి, మునిసిపల్ గుమ్మం ముందు కూర్చుని, దానిమీద అతని సంతకం పెట్టించాకే లేచారు.

తెక్లాకు మాత్రం ఆ పండగ ఇంకో కానుక ఇచ్చింది. ఊడదీసిన గేటు తలుపు ఇసుకలో పడి ఉంటే, నాలుగు రాళ్ళ మీద నిలబెట్టి చేపలు పరిచింది. ఇనుప జాలీ. కింది నుంచి గాలి, పై నుంచి ఎండ. వెదురు కంటే త్వరగా ఆరింది చేప.

రెండు రోజులాగి రామిల్ మొహమాటంగా వచ్చాడు. "పెద్దమ్మా, ఆ గేటు మాదండీ."

"మీదే నాయనా, ఎవరు కాదన్నారు?" తెక్లా చేపలు తిరగేస్తూనే, బాగా ఆరిన నాలుగు ఏరి ఆకులో చుట్టి అతని చేతిలో పెట్టింది. "గేటు మీది చేపలు ఆరాక దాన్ని తీసుకుపో."

రామిల్ అప్పుడప్పుడూ వచ్చి చూస్తూనే ఉన్నాడు. తెక్లా గేటు మీద చేపలు ఇంకా ఆరుతూనే ఉన్నాయి.