ఆవు మేసిన వడియాలు

నా చిన్నప్పుడు మా మామ్మ చేత తిట్లు తినని మనిషి మా ఇంట్లో ఒక్కతే ఉండేది. ఆవిడది అమెరికా. విజయనగరంలో మా తాతయ్య దగ్గర వయొలిన్ నేర్చుకోవడానికి వచ్చి, మా ముందు గదిలో అద్దెకు దిగింది. పుట్టి పెరిగింది అమెరికాలోనే అయినా, మా ఊరు రాకముందు చాలా ఏళ్ళు ఫ్రాన్సులో ఒక చిన్న ఊళ్ళో ఉందట. అందుకే ఆవిడ కబుర్లలో అమెరికా తక్కువ, ఫ్రాన్సు ఎక్కువ.

తెలుగు ఎక్కడో పుస్తకాలు ముందేసుకుని నేర్చుకుంది. "దయచేసి నాకు కొంచెం మజ్జిగ ఇవ్వగలరా?" అని అడిగేది. మజ్జిగ కోసం మా ఇంట్లో అంత పెద్ద మాట ఎవరూ వాడి ఎరగరు. పిల్లలం తలుపు చాటున చేరి ఆ మాటను అలాగే అని చూసి నవ్వుకునేవాళ్ళం. అయినా నాకు ఆవిడంటే ప్రాణం. సాయంత్రాలు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, తాతయ్య ఆ రోజు చెప్పిన పాఠాన్ని నాకు మెల్లగా మళ్ళీ చెప్పేది. తాతయ్య దగ్గర పాఠమంటే వేళ్ళ మీద బెత్తం పడేది. ఆవిడ దగ్గర ఆ భయం ఉండేది కాదు. నాకు కాస్తో కూస్తో సంగీతం అబ్బిందంటే అది ఆవిడ చలవే.

ఆవిడతో మాకున్న ఇబ్బంది ఒక్కటే. బయటికి వెళ్తూ వీధి గేటుకి గడియ వేసేది కాదు. మా వీధిలో ఆవులు మనుషులంత ధీమాగా తిరిగేవి. అందుకని ఆవిడ అలా వెళ్ళగానే మా అమ్మో నేనో లేచి, బిగుసుకున్న ఆ గడియను రాయితో కొట్టి వేసి వచ్చేవాళ్ళం. అదే నేను మరిచిపోతే మామ్మ మొట్టికాయ నెత్తి మీద టంగుమనేది. ఆవిడను మాత్రం ఎవరూ ఏమీ అనేవారు కాదు. దేశం కాని దేశం వచ్చిన మనిషి, నొచ్చుకునే మాట అనకూడదని తాతయ్య ఆజ్ఞ.

ఆ ఆజ్ఞకు మామ్మ కూడా లొంగడమే వింత. మామ్మ రాజాం పక్క పల్లెలో వ్యవసాయం చేసే ఇంట పుట్టిన మనిషి. పొలం ఈ గట్టున నిలబడి ఆ గట్టు వాళ్ళతో మాట్లాడి పెంచిన గొంతు ఆవిడది. పాలవాడు, కూరగాయలామె, మా నాన్న, తాతయ్య, ఎవరూ దానికి అతీతులు కారు. అలాంటి మామ్మ కూడా ఆ అమెరికా ఆవిడ కనబడగానే చీర సర్దుకుని "పర్లేదమ్మా, పర్లేదమ్మా" అనేది. ఆ గొంతు మామ్మదంటే నాకే నమ్మబుద్ధయ్యేది కాదు.

ఒక సాయంత్రం మామ్మ వసారాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. అమెరికా ఆవిడ కూడా వచ్చి చాప చివర కూర్చుంది. అక్కడ వంకాయలు దొరుకుతాయా అని మామ్మ అడిగింది. దొరుకుతాయంది. తర్వాత ఫ్రాన్సులో తానున్న ఊరి సంత గురించి చెప్పింది. పక్కింటామె ప్రతి వారం సంతలో జున్నుగడ్డలు అమ్మేవాడితో పోట్లాడేదట. వాడూ తగ్గేవాడు కాదట. పై వారం మళ్ళీ ఆమె వాడి దగ్గరే కొనేదట. ఈవిడ మాత్రం చెత్తబుట్ట తప్పు రోజున బయట పెట్టినా, కారు వేరేవాళ్ళ గుమ్మానికి అడ్డంగా నిలిపినా, అందరూ నవ్వి, ఫరవాలేదు మేడమ్ అని తలుపు వేసుకునేవారట. చాలా మంచివాళ్ళు అనుకుందట. తాను ఆ ఊళ్ళో చుట్టంగానే మిగిలిపోయానని అర్థమయ్యేసరికి ఏళ్ళు గడిచిపోయాయట.

"ఇక్కడ కూడా అంతే, మామ్మగారూ," అంది. "మీరు అందరినీ తిడతారు. నన్ను చూసి నవ్వుతారు."

ఆ మాట కోపంగా అనలేదు, వాన పడుతోంది అన్నట్టు అంది. తర్వాత, ఈ నెలాఖరున వెళ్ళిపోతున్నానని చెప్పింది. లోపల్నుంచి తాతయ్య విని, "మీ ఇష్టమమ్మా" అన్నాడు. చుట్టాన్ని ఎంతకని బలవంతపెడతాం? నేను పెరట్లోకి పోయి ఏడ్చాను. మామ్మ చిక్కుడుకాయల మీంచి తల ఎత్తలేదు.

మర్నాడు మామ్మ గుమ్మడి వడియాలు పెట్టింది. వాకిట్లో పాత చీర పరిచి, తెల్లారగట్ల నుంచి నడుం వంచి పెట్టిన వడియాలవి. కాకి ఒక్కటి ముక్కున కరుచుకుపోతే వీధి చివరిదాకా తిట్టే మనిషి. ఎండెక్కాక అమెరికా ఆవిడ సంచి పట్టుకుని కూరలకు వెళ్ళింది. గేటు ఎప్పటిలాగే బార్లా తెరిచి ఉంది. నేను లేవబోయాను. మామ్మ నా గౌను పట్టుకుని లాగింది.

"కూకో. నెగిశావంటే కాళ్ళిరగ్గొడతాను."

కూర్చున్నాను. కాసేపటికి ఒక ఎర్రావు వచ్చింది. గేట్లో నిలబడి మమ్మల్ని చూసింది. ఎవరూ అదిలించకపోయేసరికి దానికే అనుమానం వచ్చినట్టుంది, కొంచెం ఆగింది. తర్వాత లోపలికి వచ్చి నింపాదిగా వడియాలు మేసింది. మామ్మ పెదవులు బిగించి చూస్తూ కూర్చుంది. చీరలో సగం ఖాళీ అయ్యాక లేచి దాన్ని తోలేసి, గేటు దగ్గర నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

అమెరికా ఆవిడ సందు తిరిగిందో లేదో మొదలయింది.

"ఏటే, నీకు కళ్ళు కనబడవేటి? వచ్చిన కాడ్నించి సూస్తన్నాను, ఒక్కనాడైనా గడియ ఎయ్యవు! మీ ఫ్రాన్సులో గేట్లుండవేటి? సూడు, నా వడియాలు ఆవు తినీసింది. అలా గుడ్లప్పగించి సూస్తావేటి, మాటాడు!"

వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. తాతయ్య చేతిలో వయొలిన్ కమాను పట్టుకునే బయటికి పరిగెత్తుకొచ్చాడు. అమెరికా ఆవిడ ముఖం కందగడ్డలా అయింది. అయిపోయింది, ఇక నెలాఖరు దాకా కూడా ఉండదు, ఈ రోజే పెట్టె సర్దుకుంటుంది అనుకున్నాను. మామ్మ మీద అంత కోపం నాకెప్పుడూ రాలేదు.

ఆవిడ సంచి కింద పెట్టింది.

"గడియ తుప్పు పట్టింది, మామ్మా. ఎంత లాగినా కదలదు. దానికి మీరు నూనె వేయవలసింది!"

మాట గట్టిగానే వచ్చింది. మామ్మ వీధిలోని ఆడవాళ్ళందరికీ వినబడేలా, "ఓలమ్మ! ఎదురు సెప్తన్నాది సూడండి!" అంది. ఆ వెంటనే, "నూనె సీసా వంటింట్లో ఉన్నాది. ఎళ్ళి తెచ్చి నువ్వే ఎయ్యి" అంది.

అప్పటిదాకా ఆవిడకు ఏం కావాలన్నా మేం బయటికే తెచ్చి ఇచ్చేవాళ్ళం. వంటింటి గడప ఆవిడ దాటింది ఆ రోజే. సీసా ఏ అరలో ఉందో తెలియక లోపల డబ్బాలన్నీ కదిలించింది. మామ్మ గేటు దగ్గర నుంచే అరుస్తూ దారి చెప్పింది. గడియకు నూనె వేసి వచ్చేసరికి ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు, ముఖం నిండా నవ్వు. మర్నాడు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని వడియాలు మళ్ళీ పెట్టారు. ఆవిడ పెట్టినవి పిడకల్లా ఉన్నాయని మామ్మ పొద్దంతా సాధించింది. నెలాఖరు వచ్చి వెళ్ళింది. ఆవిడ వెళ్ళలేదు. వయొలిన్ చదువు పూర్తయ్యేదాకా మా ఇంట్లోనే ఉంది.

ఆ రాద్ధాంతం అంతా అయ్యాక మామ్మ నాకు జడ వేస్తుంటే, ఆవును ఎందుకు తోలలేదని అడిగాను.

"వడియాలు మల్లీ పెట్టుకోవచ్చు. మనిషెళ్ళిపోతే ఎక్కడ్నించి తెస్తావు?" అంది. జడ ఇంకొంచెం గట్టిగా లాగింది.

ఉద్యోగం నన్ను కూడా ఫ్రాన్సుకే తెచ్చింది. ఉద్యోగ విరమణ అయ్యాక ఇక్కడే ఉండిపోయాను. ఈ ఊరివాళ్ళు ఆవిడ చెప్పినట్టే ఉన్నారు, చాలా మర్యాదస్తులు. నాకు తిట్టేవాళ్ళు దొరకడానికి చాలాకాలం పట్టింది. ఒకనాడు నా తడి చీర నీళ్ళు తన కిటికీ మీద కారాయని కింది వాటా ముసలావిడ మెట్ల మీద నిలబడి దులిపేసింది. ఆ రోజు సంతోషం పట్టలేక పాయసం చేసుకున్నాను.

ఈమధ్య మా పై అంతస్తులో ఒక అమెరికా అమ్మాయి అద్దెకు దిగింది. ఒంటరిది. సైకిలు తెచ్చి మెట్ల మొదట్లో అడ్డంగా పెడుతుంది. అందరూ దాన్ని తప్పించుకుని, ఆమెకు నవ్వుతూ నమస్కారం చెప్పి వెళ్తారు. నేనూ అంతే. మొన్న ఆ అమ్మాయి ఉత్తరాల పెట్టెల దగ్గర కనబడి, ఇక్కడ అందరూ చాలా మంచివాళ్ళు, కానీ వచ్చే నెల వెళ్ళిపోతున్నాను అంది. వాన పడుతోంది అన్నట్టు అంది. ఆ గొంతు నేను ఎరుగుదును.

ఈ రోజు పొద్దున్న సైకిలు గోడకు తగిలిన చప్పుడు విని తలుపు తీశాను. మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగాను. ఫ్రెంచిలో తిట్లు నాకు సరిగ్గా రావు. నోరు తెరవగానే మామ్మ గొంతే వచ్చింది.

"ఏటే, నీకు కళ్ళు కనబడవేటి?"

ఆ పిల్ల నిర్ఘాంతపోయి చూసింది. తిరిగి ఏమంటుందా అని, నడుం మీద చెయ్యి తీయకుండా నిలబడ్డాను.