తీపి మానేసిన బొద్దింకలు

వీధిలో అందరూ ఆయన్ని బొద్దింకల డాక్టరు అనేవారు. ఎగతాళికి మొదలైన పిలుపే అయినా ఆయన దాన్ని బిరుదులాగే స్వీకరించాడు. పురుగుల మందు పెట్టే కంపెనీలో మీసాలు మొలుస్తుండగా చేరి, ఆ మీసాలు నెరిసేదాకా అదే పనిలో ఉన్నాడు మరి.

ఆయన చేతిలో ఉండేదల్లా ఒక సిరంజి, దాన్నిండా తియ్యటి జెల్ మందు. పొగా లేదు, కంపూ లేదు. పొయ్యి వెనకా, ఫ్రిజ్ తలుపు రబ్బరు మడతల్లో, సింకు గొట్టం గోడలోకి దూరేచోటా కందిగింజంత చుక్కలు పెట్టి చక్కా వచ్చేసేవాడు. తీపికి ఆశపడి బొద్దింకలు వచ్చి తినేవి, వెళ్ళి గోడ సందుల్లో చచ్చేవి.

"వాటి వెంట మనం పడక్కర్లేదు. అవే మన దగ్గరికొస్తాయి," అనేవాడు దర్జాగా.

ఆ దర్జాకు గండి పడింది బావమరిది ఫోనుతో. బావమరిది ఒక ఆసుపత్రిలో క్యాంటీన్ నడుపుతాడు. ఆ వంటగది బాధ్యత మొదటినుంచీ బావగారిదే.

"బావా, నువ్వు పెట్టింది మందేనా, టూత్‌పేస్టా? పొద్దున నర్సమ్మ కాఫీ కప్పు పక్కన ఒకటి షికారుకొచ్చింది. త్వరలో ఆసుపత్రివాళ్ళు తనిఖీకొస్తారు. ఇలాగే ఉంటే నన్ను సామాన్లు సర్దుకోమంటారు."

"సరుకు పాతదై ఉంటుందిలే. కొత్తది తెస్తా."

కొత్తది పెట్టాడు. ఫలితం లేదు. రెట్టింపు పెట్టాడు. అప్పుడూ అంతే. ఈసారి బావమరిది తనే చీపురు పట్టుకుని బొద్దింకల వెంట పడ్డాడు. అది ఆయన్ని ముల్లులా గుచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల రద్దీ తీరాక షట్టరు దించి, లైట్లన్నీ ఆర్పి, టార్చికి ఎర్రకాగితం చుట్టి సింకు పక్కన బోర్లా పడుకున్నాడు. ఎర్ర వెలుతురు బొద్దింక కంటికి పెద్దగా ఆనదని ఆయనకు అనుభవం. కాసేపటికి ముందు ఒక పిల్లదీ, దాని వెనక పెద్దవీ బయటికొచ్చాయి. పిల్లది చుక్క దగ్గరికెళ్ళి మీసాలతో తడిమి, మూతి ఆనించింది. అంతే, కషాయం నోట్లో పోసినట్టు అదిరిపడి, మూతి తుడుచుకుంటూ పరుగందుకుంది. పెద్దవీ అదే పని చేశాయి. పక్కనే నేల మీద రాలిన పిండిని మాత్రం సుబ్బరంగా తిన్నాయి.

ఆయనకు కోపం రాలేదు. లేచి ఒక ఖాళీ సీసా వెతికాడు.

నాలుగింటిని సీసాలోకి పట్టి, ఎక్కి రాకుండా లోపలి అంచుకు నూనె రాసి ఇంటికి తీసుకొచ్చాడు. భార్య వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇన్నాళ్ళూ చంపుతున్నారనుకున్నాను. పెంపకం కూడా మొదలెట్టారా?"

"కాస్త పంచదార ఇటివ్వు. పిండిలో నూనె కలిపి చిన్న ముద్ద కూడా."

రెండూ సీసాలో వేశాడు. ముద్ద చుట్టూ మూగాయి గానీ పంచదార వైపు వెళ్ళింది వెళ్ళినట్టే వెనక్కొచ్చింది.

ఆవిడ పకపకా నవ్వింది. "నాకు షుగరుందని డాక్టరుగారు మొత్తుకుంటున్నా నేను తీపి మానలేకపోతున్నాను. వీటికెవరు చెప్పారండీ?"

"తల్లి పిల్లలకు చెబుతోందేమో, అది ముట్టుకోకురా నాయనా అని."

"మందు తిన్నది చచ్చిపోయాక ఇంకెక్కడ చెబుతుంది?" ఆవిడ నవ్వు ఆపి సీసాలోకి వంగింది. "మా నాన్నకి పుట్టుకతోనే పాలు గిట్టవు. ఎవరూ నేర్పలేదు. నాకూ అంతే, మన అమ్మాయికీ అంతే. వీటిలో కూడా తీపి గిట్టనిది ఎక్కడో ఒకటి పుట్టుంటుంది. మీ చుక్కలు తిన్నవన్నీ పోయాయి, అది మిగిలింది. ఇక పిల్లల్ని కన్నది అదేగా? నెలల్లో తరం మారిపోయే జాతి. ఇప్పుడా వంటగది నిండా దాని మనవలూ మునిమనవలే అయ్యుంటారు."

ఆయన సీసాను వెలుతురుకు ఎత్తి చూశాడు. చేతిలో సిరంజి పట్టుకుని, ఏళ్ళ తరబడి తీపి తినేవాటిని ఏరి ఏరి చంపి, తిననివాటికి ఇల్లంతా ఖాళీ చేసి ఇచ్చింది తనే!

"అంటే వీటిని తయారుచేసింది నేనేనన్నమాట," అన్నాడు మెల్లగా.

"మరి ఇకనుంచి మీరూ మారండి," అంది ఆవిడ.

మారాడు. కంపెనీ గోదాములో తీపి కలపని మందు ఒకటి అడిగేవాళ్ళు లేక మూలపడి ఉంది. మేనేజరుకు సీసా చూపించి దాన్ని బయటికి తీయించాడు. మందొక్కటే చాలదని బావమరిదిని కూడా పనిలోకి దింపాడు. ఇద్దరూ ఫ్రిజ్ జరిపారు, గోడ పగుళ్ళకు సిమెంటు మెత్తారు, కారే గొట్టం మార్చారు. తనిఖీ రోజున వచ్చిన అధికారి అలమరలన్నీ తెరిచి, పొయ్యి వెనకకు తల దూర్చి మరీ చూశాడు. ఒక్క మీసం కూడా కనిపించలేదు.

"ఎవరు చేశారండీ ఈ పని?"

"మా బావ," అన్నాడు బావమరిది. ఆ రెండు మాటల్లో ఎంత బరువు పెట్టాడంటే బావగారు మొహం తిప్పుకుని సిమెంటంటిన చేతులు మళ్ళీ కడుక్కున్నాడు.

ఆ తర్వాత కంపెనీవాళ్ళు కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పమని ఆయన్నే పిలిచారు. జరిగిందంతా చెప్పాక ఒకమ్మాయి లేచి అడిగింది: "సార్, ఈ మందుకి కూడా అలవాటు పడిపోతే?"

"ఏ బొద్దింకా అలవాటు పడదమ్మా. తిన్నది చస్తుంది, అంతే. మారేది వాటి గుంపు. అందుకే మీరు ఒకే మందు పట్టుకుని వేలాడకండి. మారుస్తూ ఉండండి. ఏ వంటగదిలో ఏం తింటున్నాయో మీ కళ్ళతో చూడండి. మనకంటే ముందునుంచీ ఉన్న జాతి అది. అలాంటిదానితో తలపడే పని మనది, తల దించుకుని చేసేది కాదు." చేతిలో సిరంజి బల్ల మీద పెట్టాడు. "ఇంకో మాట. ఇది కనిపెట్టింది నేను కాదు, మా ఆవిడ."

ఇంటికొచ్చి చెబితే ఆవిడ మొహం వెలిగిపోయింది. అయినా బయటపడకుండా కంచాలు సర్దుతూ అడిగింది:

"గట్టిగా చెప్పారా, గొణిగారా?"

"వెనక వరసకి కూడా వినపడేలా చెప్పాను."