ఓబులేసుకు చెప్పని కడసీల సంగతి

లచ్చుమక్క పోయిందన్న కబురు మొదట నాకు తెచ్చినవాడు ఆమె తమ్ముడు ఓబులేసు. హిందూపురంలో రైలెక్కి, పెనుకొండ స్టేషన్‌లో దిగి, ఎండలో మా ఇంటిదాకా నడిచి వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి నన్నొక మాట అడిగాడు. నేనొక జవాబు చెప్పాను. ఆ జవాబును ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. కడుపులో బిడ్డనైనా తొమ్మిది నెలలు మోసి దించుతాం. ఇది దిగలేదు.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. తెలిసినవాళ్ళకు చెప్పలేకే కదా ఇంత కాలం గడిచింది.

లచ్చుమక్క ఇంటికీ మా ఇంటికీ నడుమ ఒకటే గోడ. మా ఆయన తాలూకా కచేరీలో గుమాస్తా. నేను బడికి పోలేదు. మా నాయనే ఇంట్లో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించాడు. దేవుడి దయవల్ల నాకు తిండికీ గుడ్డకూ లోటు రాలేదు. లోటల్లా ఒక్కటే, ఏ వస్తువును చూసినా దాని లోపల ఏముందో తెలియకపోతే నాకు నిద్రపట్టదు. లచ్చుమక్క భర్త పోయి పుట్టింటికి చేరింది. ఎనుములు పెట్టుకొని పాలు పోసేది. నాకంటే పెద్దది, నోరు గలది, నన్ను సొంత చెల్లెలికంటే ఎక్కువగా చూసింది.

వాళ్ళ నాయన జట్కా తోలేవాడు. స్టేషన్‌లో దిగినవాళ్ళను ఊళ్ళోకి తెచ్చే బండి. ఒకరోజు ఆయనకు ఒంట్లో బాగాలేక వెనక కూర్చున్నాడు, ఓబులేసు పగ్గాలు పట్టాడు. కోట దగ్గర దిగుడులో ఒక చక్రం ఊడి ముళ్ళకంపల్లోకి దొర్లిపోయింది. బండి తిరగబడింది. ఆయన కిందపడి, ఇల్లు చేరకముందే ప్రాణం విడిచాడు.

చక్రం జారిపోకుండా ఇరుసు చివర దిగగొట్టే ఇనుప మేకును కడసీల అంటారు. ఆ ఉదయమే ఓబులేసు చక్రాలు విప్పి కందెన వేశాడు. మళ్ళీ బిగించేటప్పుడు కడసీల పెట్టి ఉండడని ఎవరో అన్నారు. ఎవరన్నారో ఇప్పటికీ తెలియదు. అతన్ని అడిగితే, "పెట్టినట్లే ఉండాది. గుర్తు రాలేదు" అన్నాడు. ఆ మాటే అతన్ని ముంచింది. లచ్చుమక్క వీధిలో నిలబడి, "నాయనను మింగినోడా, ఈ గడప తొక్కొద్దు!" అని అరిచింది. అతను తల వంచుకొని హిందూపురం పోయి బెల్లం మండీలో మూటలు మోసుకున్నాడు. ఊడిన చక్రాన్ని ఎవరో తెచ్చి, విరిగిన బండితో పాటు కొట్టంలో పారేశారు. దాని వంక ఎవరూ చూడలేదు. శవం ఇంట్లో ఉండగా చక్రం ఎవరికి కావాలి?

కొన్నేళ్ళకు లచ్చుమక్కకు నాయన బండి మళ్ళీ రోడ్డెక్కాలని బుద్ధి పుట్టింది. నాకు పండగే అయింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఇద్దరం కొట్టంలో చేరేవాళ్ళం. పెంకుముక్కలతో పాత రంగు గీకాం. బండి పైగూటికి కొత్త చాప కుట్టాం. ఎలుకలు కొరికిన పరుపు విప్పి కొబ్బరిపీచు కూరాం. నా చేతులకు కందెన అంటితే ఆమె పగలబడి నవ్వేది. "ఏమ్మే, గుమాస్తా పెండ్లామా! ఆ చేత్తోనే వడ్డించు, ఆయప్ప నెయ్యి అనుకొని నాకుతాడు!" నేను అన్నిటికీ ఇది ఎందుకు, అది ఎందుకు అని అడిగితే, "నీకు బండి అక్కర్లేదులే. బండి కడుపులో ఏముండాదో చూస్తే చాలు" అనేది. ఆ మాట ఎంత నిజమో అప్పుడు నాకు తెలియలేదు.

ఊడిన చక్రాన్ని చివరికి పెట్టుకున్నాం. నడిమి రంధ్రం నిండా మట్టి, గట్టిపడిన కందెన. కిరసనాయిలు పోసి గుడ్డతో తోమాను. లోపల ఇరుసు ముక్క ఉంది. విరిగి, చక్రంతో పాటే వచ్చేసిన ముక్క. బండి తిరగబడ్డ దెబ్బకే ఇరుసు విరిగిందని అన్నాళ్ళూ అనుకున్నాం. దాని బయటి చివర కడసీల. కదిపితే కదల్లేదు. అంత గట్టిగా దిగగొట్టి ఉంది.

ముక్కను వెలుతురుకు తిప్పి చూశాను. విరిగిన చోట సగం మసిలా నల్లగా ఉంది, మిగతా సగం ఇటీవల విరిగినట్టు గరుకుగా ఉంది. అంటే లోపల ఎప్పుడో పగిలి, కందెన చాటున ఎవరికీ కనబడక, ఆ దిగుడులో పూర్తిగా తెగిపోయిన ఇరుసు అది.

లచ్చుమక్క ఆ సీల మీద వేలు పెట్టి గడ్డిలో కూలబడింది. "వాడు పెట్టినాడు" అంది. సీలను కదిపి చూసి మళ్ళీ, "పెట్టినాడు గదమ్మే."

వెంటనే కబురు పంపుదామన్నాను. ఆమె వినలేదు. "వీధంతా వినేట్ల అరిచినా. వీధంతా చూసేట్ల వాణ్ణి బండి ముందర కూర్చోబెట్టి చెప్తా. తయారు కానీ." నేను ఇంకోసారి బలవంతపెట్టలేదు. ఎందుకు పెట్టలేదు? బండి పని చివరిదాకా చూడాలన్న ఆశ అప్పటికే నాలో ఉందా? ఈ ప్రశ్న నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఉందనే అనిపిస్తుంది.

కొత్త ఇరుసు వేయించాం. చక్రాలకు ఇనుప పట్టా వేయించడం ఒక్కటే మిగిలింది. అంతలో ఆమెకు జ్వరం పట్టుకుంది. హిందూపురం ఆసుపత్రికి తీసుకుపోయేటప్పుడు బస్సు దగ్గర నా చెయ్యి పట్టుకొని, "నేను తిరిగి రాకపోతే ఆ సీల సంగతి వానికి నువ్వు చెప్పు. బండి వానిదే" అంది. అట్లాంటి మాటలు అనొద్దని కసిరాను. సరే అని కూడా అన్నాను.

తరువాత వచ్చింది ఓబులేసే.

"అక్క పాయె, అక్కా. మండీలో తెలిసి నేను ఉరికేలోపలే పాయె" అన్నాడు. నేను గోడకు ఆనుకున్నాను. కాసేపు ఇద్దరం ఏడ్చాం. అతను పైగుడ్డతో మొహం తుడుచుకొని అడిగాడు.

"నా మాటేమన్నా ఎత్తినాదా?"

నేను అతని పాదాల వైపు చూశాను. దుమ్ముకొట్టుకొని ఉన్నాయి.

"లేదప్పా" అన్నాను.

"ఎత్తదులే. ఎట్ల ఎత్తుతుంది!" అన్నాడు. తరువాత, "ఆ బండిని నువ్వే ఏమన్నా చేసుకో. దాన్ని తాకే మొగం నాకు లేదు" అన్నాడు. నేను ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

ఆ ఒక్క మాట ఎందుకన్నాను? అతని మీద నాకు పగ లేదు. బండి మీద ఆశ అందామంటే, నేను జట్కా తోలేదాన్ని కాదు. ఎంత తవ్వుకున్నా నాకు దొరికేది ఒకటే. నిజం చెబితే అతను ఆరోజే బండి తీసుకుపోతాడు. ఎర్రగా కాలిన పట్టా చెక్క చక్రం మీద ఎట్లా కూర్చుంటుందో నాకు చూసే వీలుండదు. చూశాక చెబుదాం, నాలుగు రోజుల్లో ఏం మునిగిపోతుంది అనుకున్నాను. దాని వెనక ఇంకొకటి కూడా ఉందేమో. ఆమె చివరి పని నా చేతుల్లో పూర్తి కావాలని, పోయిన మనిషిలో ఆ కాస్త నాకే మిగలాలని. దుఃఖం కూడా ఇంత దురాశ పడుతుందా?

పట్టా వేయించాను. చక్రాన్ని నేల మీద పరిచారు. పక్కన ఇనుప వలయాన్ని పిడకల మంటలో కాల్చారు. ముగ్గురు పట్టకారులతో లేపి చక్రం చుట్టూ దించగానే చెక్క భగ్గుమంది. కమ్మరి సిద్దప్ప గట్టిగా అడిగాడు. "బండి ఎవురిది? మొదటి చెంబు సొంతదారే పోయాల! బిన్నా కానీండి, చక్రం కాలిపోతాది!" మా వైపు అది ఆచారం. ఆ నీళ్ళు పోసినవాళ్ళకే బండి అచ్చివస్తుందంటారు. చెంబు నా చేతిలో ఉంది. పోశాను. బుస్సుమని ఆవిరి లేచింది. ఇనుము బిగుసుకుంటుంటే చక్రం కీళ్ళన్నీ టకటకమంటూ ఒకదాంట్లోకి ఒకటి చొచ్చుకున్నాయి. అంత అందమైన చప్పుడు నేను మళ్ళీ వినలేదు. దొంగిలించి విన్నదైనా అందంగానే ఉందని చెప్పకపోతే ఈ ఒప్పుకోలులో కూడా అబద్ధం ఆడినట్టే.

ఇంకొకటి ఉంది. ఇది చెప్పడం కష్టం. ఎక్కేందుకు మెట్టు చేయడానికి ఇనుము కావాలని సిద్దప్ప అడిగితే, కొట్టంలోకి పోయి ఆ ఇరుసు ముక్కను సీలతో సహా తెచ్చి ఇచ్చాను. వేరే ఇనుము లేక కాదు. నా చేతులకు తెలుసు, అవి ఏం తెస్తున్నాయో.

బండిని దేవళానికి ఇచ్చాను. నడవలేని ముసలివాళ్ళను ఏకాదశులకు తీసుకుపోయే బండి అయింది. స్నేహమంటే అట్లుండాలని ఊరు మెచ్చుకుంది. అయ్యవారు సంకల్పంలో నా పేరు చదివారు. రోజూ తెల్లవారి దేవుడు నాకిచ్చినవన్నీ ఒక్కొక్కటే తలచుకొని దండం పెట్టుకోవడం నా అలవాటు. బిడ్డలు, బావిలో నీళ్ళు, కంటిచూపు, లచ్చుమక్క స్నేహం. అక్కడికి వచ్చేసరికి నాలుక ఆగేది. దేవుడికి ఇచ్చానని సరిపెట్టుకుందామంటే, నాది కానిదాన్ని నేనెట్లా ఇచ్చాను? ఆయన ఎట్లా పుచ్చుకున్నాడు?

చెప్పడానికి ఒక అవకాశం కూడా వచ్చింది. ఏళ్ళ తరువాత ధర్మవరంలో రైలు మారుతుంటే, నా మూట అందుకున్న కూలీ ఓబులేసు. జుట్టు తెల్లబడింది. కూలి తీసుకోలేదు. బెంచీ పక్కన నేల మీద కూర్చొని, దేవళం బండి బాగా నడుస్తోందా అని అడిగాడు. బాగా నడుస్తోందన్నాను. తాను మళ్ళీ ఎన్నడూ పగ్గాలు పట్టలేదని, ఎవరైనా పిలిచినా పోలేదని, ఎంత తలచుకున్నా ఆ పొద్దున సీల పెట్టింది లేనిది ఇప్పటికీ గుర్తు రావడం లేదని నవ్వుతూ చెప్పాడు. నేను నోరు తెరిచాను. ఇన్నేళ్ళు ఎందుకు దాచావని అడిగితే ఏం చెప్పాలి? పట్టా వేయడం చూడాలనిపించింది అనా? రైలు వచ్చింది. మూటను పదిలంగా నా పక్కన పెట్టి దిగిపోయాడు.

తరువాత ధైర్యం కూడగట్టుకొని, ఆ పనికే ధర్మవరం వెళ్ళాను. అతను లేడు. జబ్బు చేసి పోయాడని అక్కడి కూలీలు చెప్పారు. పెండ్లి చేసుకోలేదట. ఎవరినీ మాట అనేవాడు కాదట.

ఇప్పుడు ఊళ్ళో బస్సులే. నన్ను మంచిదానినని అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఇది చదివి మీరు నన్ను క్షమించనక్కరలేదు. క్షమించవలసినవాళ్ళు ఇద్దరూ లేరు. వాళ్ళ బదులు దేవుణ్ణి అడగడానికి నాకు నోరు రాదు. రాశాను, అంతే. రాశాక ఊపిరి కొంచెం కిందికి దిగింది. దానికైనా ఆయనకు దండం.

ఒక్కటే కోరుకుంటున్నాను. నన్ను మరచిపోండి. పెనుకొండ జట్కా ఓబులేసును గుర్తుపెట్టుకోండి. అతను తన పని సరిగా చేశాడు. నాయన చావులో అతని తప్పు లేదు. ఈ మాట అతను వినలేదు. మీరైనా విన్నారు.