ముక్కు ఒకటే, చక్రాలు వేరు

నా చిన్నప్పుడు నా పేరు నాకే అరుదుగా వినపడేది. మేం కవలలం. నేను మా చెల్లి కంటే కాసేపు ముందు పుట్టాను, ఆ మాత్రానికే అది నన్ను 'అక్కా' అనేది. మిగతా లోకం మాత్రం మాలో ఎవరు ఎదురుపడినా దాని పేరే పెట్టి పిలిచేది. సినిమావాళ్ళు ఖాయం చేసిన పేరు దానిది మరి.

మా నాన్న ఎడిటింగ్ రూంలో పనిచేసేవాడు. సినిమా మద్రాసు నుంచి హైదరాబాదుకి మెల్లగా సామాను సర్దుకుంటున్న రోజుల్లో మేమూ వచ్చి ఫిలింనగర్‌లో దిగాం. అప్పట్లో అక్కడ ఇళ్ళ కంటే బండరాళ్ళు ఎక్కువ. పిల్లల వేషానికి కవలలు దొరికితే సినిమావాళ్ళకి పండగే. ఒకరికి నిద్రొచ్చినా, ఒకరు మొండికేసినా రెండోవాళ్ళని తెచ్చి నిలబెడతారు, షూటింగ్ ఆగదు. తెర మీద మాత్రం పిల్ల ఒకటే, పేరూ ఒకటే. ఆ పేరుగా మా చెల్లిది పెట్టారు, పలకడానికి చిన్నగా ఉందట. ఆ వేషం ఇద్దరం వేశామన్న సంగతి బయట ఎక్కడా అనొద్దని మేనేజరు మరీ మరీ చెప్పాడు. జనానికి తెలిస్తే తెర మీద పిల్లని నమ్మరట. నేను ఏడిస్తే మా అమ్మ, "ఇద్దర్లో ఒకరి పేరు పడితే చాలదుటే? ఆ మొహం నీది కాదా?" అనేది.

నా మొహమే. అక్కడే వచ్చింది చిక్కంతా.

పని మాత్రం చక్కగా పంచారు. ఏడుపులు దానివి, పరుగులు నావి. 'స్టార్ట్' అనగానే దాని కళ్ళల్లో నీళ్ళు బొటబొటా రాలేవి. గ్లిజరిన్ సీసా మూత కూడా తియ్యనక్కర్లేదు. యూనిట్ అంతా ముక్కున వేలేసుకునేది. దగ్గర్నుంచి తీసేవి చాలామటుకు దానికి, దూరం నుంచి తీసేవన్నీ నాకు. అందులో ఒకటి, తల్లిని తీసుకెళ్ళిపోతున్న బండి వెనకాల పిల్ల బండల మీద వట్టి కాళ్ళతో పరుగెత్తడం. మిట్టమధ్యాహ్నం తీశారు. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. కెమెరా నా వెనకాల ఉంది, కాబట్టి తెర మీద నా మొహం లేదు. కాళ్ళూ, గాలికి ఎగిరే గౌనూ, అంతే.

ప్రివ్యూ రోజున చెల్లికి సినిమాలో గౌను తొడిగారు, నాకు మామూలు పావడా కట్టారు. ఆ పరుగు వచ్చినప్పుడు హాల్లో ఎవరో ముక్కు చీదడం విన్నాను. నా ఒళ్ళు పులకరించింది. బొమ్మ అయిపోయి దీపాలు వెలిగాక పట్టుచీర కట్టుకున్న ఒకావిడ గబగబా వచ్చి మా చెల్లిని ఎత్తుకుని, "ఎంత పరుగు పరిగెత్తావే తల్లీ! నా ప్రాణం పోయిందనుకో!" అంటూ ముద్దులు పెట్టుకుంది. అది తల దించుకుని నవ్వింది. కాదనలేదు. అనకూడదని దానికీ తెలుసు, కానీ ఆ నవ్వు మాత్రం ఎందుకు? అంతటితో అయిందా, ఆవిడ నా బుగ్గ గిల్లి, "నువ్వు కూడా దీనిలా యాక్ట్ చేస్తావా?" అంది. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, ఆ మాటకి అర్థం నాకు ఎనిమిదేళ్ళకే తెలిసింది. ఇంటికొచ్చే దారంతా నేను దాని వైపు చూడలేదు. దాని కాళ్ళు బొబ్బలెక్కాలని, దాని గొంతు పోవాలని, దాని పేరు తెర మీద నుంచి చెరిగిపోవాలని మనసులో కోరుకుంటూనే ఉన్నాను. ఎవరో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, పరుగెత్తింది నేనని తెలుసుకుంటే చాలుననిపించింది. కానీ నేను నోరు తెరవకూడదు.

మర్నాడు పొద్దున్నే గోడ దూకి పక్కింటి తాత దగ్గరికి పోయాను. ఆయన మా తాత కాదు. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగినవాడు, రైల్వేలో డీజిల్ ఇంజన్ల ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. వయసులో ఉండగా పని నేర్చుకోవడానికి ఇంగ్లండు పంపారట. అక్కడి నుంచి వస్తూ బొమ్మ ఇంజన్లు తెచ్చుకున్నాడు. ముందుగదిలో పెద్ద బల్ల మీద పట్టాలు పరిచి నడిపేవాడు. మా చెల్లికి వాటి మీద మోజు లేదు కాబట్టి ఆ గది నా ఒక్కదానిదే. బోరబండ వైపు నుంచి నిజం రైలు కూత వినపడితే ఆయన చెవి రిక్కించి, ఫలానా ఇంజనని చెప్పేవాడు.

"ఏంది బిడ్డా, పొద్దుగాల్నే మొఖం గట్ల మాడ్చుకున్నవ్?" అన్నాడు. ఏం లేదన్నాను. "సరే తియ్, గా నలభైని తెచ్చి పట్టా మీద వెట్టు."

ఆ దేశంలో ఇంజన్ల జాతులని అంకెలతో పిలుస్తారు. ఆయన దగ్గర ముప్ఫై ఏడు ఒకటి, నలభై ఒకటి ఉండేవి. రెండూ ఆకుపచ్చవే. రెండింటికీ ముందుకి పొడుచుకొచ్చిన మొండి ముక్కు, ఆ ముక్కు మీద పసుపు పూత, వెనకాల రెండు కళ్ళల్లా అద్దాలు. పక్కన అంటించిన నంబర్లు ఎప్పుడో రాలిపోయాయి. నా చూపు ఎక్కడుందో, చేతికందినది తెచ్చి పెట్టాను. అది ముప్ఫై ఏడు.

ఆయన కసురుకోలేదు. రెండింటినీ బల్ల మీద ఎడంగా పెట్టి, భుజం మీది తువ్వాలు తీసి, ముక్కులు మాత్రం బయటికి కనపడేలా కప్పాడు. ఏది ఏదో చెప్పమన్నాడు. వంగి చూశాను, పక్కకెళ్ళి చూశాను. ముక్కులు చూసి చెప్పడం నా తరం కాలేదు. అప్పుడు తువ్వాలు సవరించి ముక్కులు మూసేశాడు. ఈసారి కింద చక్రాలు మాత్రమే కనపడుతున్నాయి. చూడగానే తెలిసిపోయింది. ఒకదానికి అటూ ఇటూ మూడేసి జతలు. రెండోదానికి నాలుగేసి, అందులో చివరి జత మిగతావాటికంటే చిన్నది.

"మొఖం జూస్తే మోసపోతవ్ బిడ్డా. ఎవ్వలన్నా గదే జూస్తరు. కిందికి జూడాలె," అన్నాడు. "గీ చిన్న చక్రాలున్నయ్ జూసినవా? వీటికి మోటరు లేదు. ఇవి బండిని గుంజవు. బరువు మోస్తయ్, గంతే. ఇవి లేకుంటె గింత బరువు ఇంజను పట్టాలను కుంగదీస్తది."

నేను ఆ చిన్న చక్రాన్ని వేలితో తిప్పుతూ కూచున్నాను. ఆయన తువ్వాలు దులిపి మళ్ళీ భుజాన వేసుకుంటూ, ఏదో వాతావరణం సంగతి చెప్పినట్టు, "నిన్న సినిమల బండల మీద ఉరికింది నువ్వే గదా?" అన్నాడు.

చక్రం మీద నా వేలు ఆగింది. నాన్న ఆయనకి ప్రివ్యూ పాసు ఇచ్చిన మాట నిజమే. కానీ ఎవరు ఏది చేశామో ఆయనకి ఎవరూ చెప్పలేదు. "నీకెలా తెలుసు తాతా?" అన్నాను.

"నువ్వు ఉరికితే మడిమె నేలకు ఆనదు. రోజూ గోడ దుంకి నా ఇంట్లకు వస్తవ్, జూస్తలేనా?"

నాకు ఏడుపొచ్చింది. గ్లిజరిన్ అక్కర్లేని ఏడుపు నాకూ వచ్చునని ఆ రోజే తెలిసింది. ముందు రోజు జరిగిందంతా ఆయన ముందు కక్కేశాను. అంతా విని ఆయన, పాపం అనలేదు, తప్పు అనలేదు. "మరి నువ్వు మీ చెల్లెను ఎట్ల గుర్తువడతవ్?" అని అడిగాడు.

ఇదేం ప్రశ్న? "నేను కానిదే అది," అన్నాను. ఆయన పగలబడి నవ్వాడు. "గది గుర్తు గాదు బిడ్డా," అన్నాడు.

అంతలో మా చెల్లే నన్ను వెతుక్కుంటూ వచ్చింది. అది గోడ దూకదు, గేటు తీసుకుని వస్తుంది. తాత డబ్బా మూత తీసి ఉస్మానియా బిస్కెట్లు చెరొకటి ఇయ్యబోయాడు. అది చెయ్యి చాచింది. నాకు ఇంకా చూపు కిందికే ఉంది కాబట్టో ఏమో, దాని మొహం కాక అరచెయ్యి చూశాను. చేతి నిండా గోళ్ళు దిగిన గాట్లు. నెలవంకల్లా ఒకదాని పక్కన ఒకటి. కొన్ని పక్కు కట్టాయి, కొన్ని ఇంకా ఎర్రగా ఉన్నాయి.

"ఇదేంటే?" అన్నాను. అది గబుక్కున పిడికిలి మూసేసింది, బిస్కెట్టు కింద పడింది. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని అప్పుడు చెప్పింది. "ఒక్కోసారి ఏడుపు రాదక్కా. అందరూ నిలబడి చూస్తుంటారు. అప్పుడు గట్టిగా గుచ్చుకుంటాను." మూతి ముడుచుకుని, "నీకేం, ఊరికే పరిగెడతావు. అది కూడా నాకు రాదు," అంది.

నా మీద దానికి కుళ్ళు! ఆ మాట వినగానే నాకు జాలి వేసిందని చెబితే అబద్ధం. ముందు గొప్ప సంతోషం కలిగింది. ఆ తరవాత దాని పిడికిలి చూశాను, అది ఇంకా విప్పలేదు. ఒకే మంచం మీద పడుకునేవాళ్ళం, ఒకే పళ్ళెంలో తినేవాళ్ళం, ఆ చేతిని నేను ఎన్నడూ తిప్పి చూడలేదు. అందరూ చూసిన మొహాన్నే నేనూ చూసి, అందరూ మెచ్చినదాన్నే చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. తాత వంగాడు. కింద పడ్డ బిస్కెట్టు తీసి ఊదుకుని తాను తిని, దానికి ఇంకోటి ఇచ్చాడు. నేను నలభైని పట్టా మీద పెట్టాను. ఈసారి సరైనదే పెట్టాను. దాన్ని నాకు ఇచ్చేస్తాడేమోనని ఆశపడ్డాను గానీ ఇవ్వలేదు.

ఇప్పుడు తాత లేడు. ఆయన ఇంజన్లు ఎవరింట్లో ఉన్నాయో తెలియదు. నేను పరుగెత్తిన బండల మీద అపార్టుమెంట్లు లేచాయి, అందులో ఒకదాంట్లోనే మేం ఉంటున్నాం. ఆ సినిమా అప్పుడప్పుడూ మధ్యాహ్నంపూట టీవీలో వస్తుంది. టైటిల్స్‌లో దాని పేరు వచ్చినప్పుడు ఇప్పటికీ నాకు ఎక్కడో చురుక్కుమంటుంది. మనవరాలు నన్ను కుదుపుతూ, "అమ్మమ్మా, ఇది నువ్వా, చిన్నమ్మమ్మా?" అని అడుగుతుంది. మొహం చూసి నేనూ చెప్పలేను, నిజంగానే. కానీ ఆ పిల్ల ఏడుస్తున్నప్పుడు అందరూ కళ్ళ వైపు చూస్తారు, నేను తెర అడుగున, గౌను అంచు దగ్గర మూసుకుని ఉన్న పిడికిలి కోసం చూస్తాను. అది కనపడగానే చెబుతాను, "అది మీ చిన్నమ్మమ్మే."

మొన్న మళ్ళీ వచ్చింది. బంజారా హిల్స్‌లో ఉన్న చెల్లికి ఫోను చేసి మన సినిమా వస్తోందని చెప్పాను. అది ఆదరాబాదరాగా టీవీ పెట్టుకుంటూ తన ఏడుపు సంగతి అడగలేదు. ఎప్పుడూ అడగదు.

"నీ పరుగు అయిపోయిందా అక్కా?" అంది.

"ఇంకా రాలేదే, కూచో," అన్నాను.