పిల్ల దొరుకుతాది

నేను చదువుతున్న నవల ముగింపుని ఆవిడ మొదటి పేజీ మీద రాసేసింది. అదీ నా జేబులోని పెన్నుతోనే.

శ్రీకాకుళం నుంచి పాలకొండ పోయే బస్సులో నా పక్క సీటు. నలభై ఏళ్లుంటాయి. "ఏటి తాతా, అంతలా మునిగిపోయి సదువుతున్నావు?" అంది. తప్పిపోయిన పిల్ల కోసం వెతికే కథ అన్నాను. ఓసారి ఇమ్మంది. తిన్నగా చివరి పేజీలు తిప్పి చదివి, ఊపిరి పీల్చుకుని, పెన్నడిగింది. పుస్తకం పేరు రాసుకుంటుందనుకున్నాను. మొదటి పేజీ మీద "పిల్ల దొరుకుతాది" అని రాసి నా చేతిలో పెట్టింది.

నాకు ఒళ్లు మండిపోయింది. బడి మొహం చూడకుండా, పకోడీ పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చినవాణ్ణి. ఇన్నేళ్లలో ఏ పుస్తకం చివరి పేజీ ముందే చూడలేదు.

"సస్పెన్సు కోసమే కదమ్మా చదివేది! దాన్ని చంపడానికి నువ్వెవరు?" అని కేకలేశాను. ముందు సీటువాళ్లు వెనక్కి తిరిగారు.

"ఎవులెత్తుకుపోనారో సెప్పనేదు కదా. అది నువ్వే సదువుకో."

"దొరుకుతుందని తెలిశాక ఇంకేం మిగిలింది?"

ఆవిడ మొహంలో నవ్వు పోయింది.

నా కోపం తప్పని ఇప్పటికీ ఒప్పుకోను. ఆ పేజీ మాత్రం చింపలేదు. బస్సు దిగబోతూ ఆవిడ అన్నది ఇదీ:

"మా బుడ్డోడు రథసప్తమినాడు అరసవల్లిలో తప్పిపోనాడు తాతా. సాయంత్రానికి దొరికినాడులే. ఆ మజ్జానం నువ్వు నా పక్కనుండి, ఆడు దొరుకుతాడని నీకు ముందే తెలిసుంటే, నాకు సెప్దువా, సస్పెన్సు పోతాదని ఊరుకుందువా?"